గుండె మీద సెన్సర్ పెడతామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

నార్వే నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరానికి ఈ వారం జవాబు. పేరు, ఊరు రాయవద్దని కోరారు. ఉత్తరం పెద్దది కాబట్టి అందులోని ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

ఆమెది గుంటూరు జిల్లా. పదహారేళ్ళుగా భర్తతో నార్వేలో ఉంటున్నారు. పసిపిల్లల బడిలో పని చేస్తారు కనుక నార్వేజియన్ బాగా వచ్చు. భర్తకు 58 ఏళ్ళు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆఫీసులో ఇంగ్లీషుతోనే పని గడిచిపోతుంది. ఈమధ్య మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తోందని పరీక్షలు చేయిస్తే, గుండె రక్తనాళాలు మూడింటిలో పూడికలున్నాయని, స్టెంట్లతో పని జరగదని, బైపాస్ చేయాలని తేలింది. ఇంకో మూడు వారాల్లో ఆపరేషన్. తేదీ ఖాయమైన తరువాత ఇంటికి ఇంకో కవరు వచ్చింది. ఆపరేషన్ జరుగుతుండగా గుండె పైభాగాన కదలికలను పసిగట్టే చిన్న సెన్సర్‌ను కుట్టి, కొన్ని రోజులు గుండె కదలికను నమోదు చేసి, ఆ తరువాత బయటికి లాగేస్తారట. ఇదొక పరిశోధన, పాల్గొంటారా అని అడుగుతూ తొమ్మిది పేజీలు, చివర సంతకానికి చోటు. భర్త ఆ కాగితాలు తెరిచి చూడలేదు. "నువ్వు చదువు, నువ్వు పెట్టమంటే పెడతాను" అని ఆమె చేతిలో పెట్టేశారు.

సంగతి ఫోనులో తెలిసిన అత్తగారు గోలపెట్టారు. "నా కొడుకు గుండె మీద ప్రయోగాలా? నువ్వు ఒప్పుకున్నావంటే, రేపు ఏమైనా జరిగితే నువ్వే జవాబు చెప్పుకోవాలి" అన్నారు. మరిది ఇంకో అడుగు ముందుకు వేసి, అన్నయ్యను వెంటనే హైదరాబాద్ తీసుకొచ్చేయండి, తెలిసిన సర్జన్ ఉన్నారు అంటున్నారు. కూతురు బయోమెడికల్ ఇంజినీరింగ్ చదువుతోంది. "నాన్న ప్రాణం కాపాడే పరికరాన్ని భయపడి వద్దంటావా అమ్మా?" అని ఆమె నిలదీస్తోంది. "ఒప్పుకుంటే అత్తగారి ముందు దోషిని, కాదంటే కూతురి ముందు దోషిని. కాదంటే సర్జన్ మనసులో ఏం పెట్టుకుంటారో అని ఇంకో దిగులు. రాత్రులు నిద్ర పట్టడం లేదు" అని రాశారు.

మీ ఉత్తరంలో మూడు సంగతులు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. సెన్సర్ మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది ఒకటి. ఆపరేషన్ అక్కడ చేయించుకోవాలా, ఇక్కడ చేయించుకోవాలా అన్నది రెండోది. నింద ఎవరి నెత్తిన పడుతుందన్నది మూడోది. మీకు నిద్ర లేకుండా చేస్తున్నది ఈ మూడోదేనని నాకు అనిపిస్తోంది. అయితే సెన్సర్ సంగతి తేలకుండా దాని జోలికి వెళ్ళి లాభం లేదు. గుండె ఆపరేషన్ల ఐసీయూలో చాలా ఏళ్ళు నర్సుగా పనిచేసినదాన్ని. ఇలాంటి పరికరం కావాలని డాక్టర్లు ఎందుకు కోరుకున్నారో ఆ మంచాల పక్కన నిలబడినవాళ్ళకు బాగా తెలుసు.

బైపాస్‌లో ఛాతీ లోపలి ధమనిని, కాలి నుంచి తీసిన సిరను వాడి, పూడికను దాటించి రక్తానికి కొత్త దారి వేస్తారు. ఆ కొత్త దారి మొదటి గంటల్లోనో, మొదటి రోజుల్లోనో మూసుకుపోవచ్చు, మెలిక పడవచ్చు. అందరికీ అలా జరగదు. జరిగితే మాత్రం ఎంత త్వరగా కనిపెడితే అంత కండరం మిగులుతుంది. ఆ కనిపెట్టడమే కష్టం. మామూలుగా అయితే మనిషికి ఛాతీలో నొప్పి వస్తుంది, నోరు తెరిచి చెబుతాడు. ఆపరేషన్ నుంచి వచ్చిన మనిషి మత్తులో ఉంటాడు, గొంతులో గొట్టం ఉంటుంది, నొప్పి తెలియకుండా మందు వెళుతూ ఉంటుంది. ఈసీజీలో మార్పు కనిపిస్తుంది, కానీ గుండెను తాకిన ఏ ఆపరేషన్ తరువాతైనా ఎంతో కొంత మార్పు ఉంటుంది. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో ట్రోపోనిన్ అనే పదార్థం పెరుగుతుంది, అది ఆపరేషన్ దెబ్బకూ పెరుగుతుంది, పైగా పెరగడానికి గంటలు పడుతుంది. గుండె కదలడాన్ని తెర మీద చూపించే ఎకో చక్కని పరీక్షే, కానీ డాక్టరు మంచం దగ్గర ఉన్న కాసేపే చూపిస్తుంది, ఛాతీ మీది కట్లూ గొట్టాలూ దానికి అడ్డు. బీపీ పడిపోయి అందరూ పరుగెత్తుకొచ్చే వేళకు చాలాసార్లు ఆలస్యమైపోయి ఉంటుంది.

కండరానికి రక్తం ఆగినప్పుడు ముందుగా మారేది దాని కదలిక. నొప్పికన్నా, ఈసీజీకన్నా, రక్తపరీక్షకన్నా ముందు ఆ గోడ బిగువుగా ముడుచుకోవడం మానేస్తుంది. ఫోను అడ్డంగా తిప్పితే తెర కూడా తిరుగుతుంది కదా, ఆ కదలికను పసిగట్టే యాక్సిలరోమీటర్ లాంటిదాన్నే మిల్లీమీటర్లలోకి కుదించి గుండె గోడ మీద కుడితే ఆ మార్పు వెంటనే దొరుకుతుందని ఆలోచించినవాళ్ళు మీరున్న దేశంలోనే ఉన్నారు. ఓస్లోలోని రిక్స్‌హాస్పిటలెట్‌లో ఇంటర్వెన్షన్ సెంటర్ అనే పరిశోధన విభాగం ఉంది. గుండె సర్జన్ ఎరిక్ ఫోస్సె దాన్ని చాలాకాలం నడిపారు. ఆ బృందం పందుల గుండెల మీద చేసిన ప్రయోగాల ఫలితాలను 2005లో ప్రచురించింది. 2008 నాటికి బైపాస్ చేయించుకుంటున్న రోగుల గుండెల మీద పరీక్షించిన ఫలితాలు కూడా వచ్చాయి.

రోగుల మీద ఎలా పరీక్షించారో మీ అత్తగారికి తప్పక చెప్పండి. గుండెను ఆపకుండా, కొట్టుకుంటూ ఉండగానే చేసే బైపాస్ ఒకటి ఉంది. అందులో కొత్త నాళాన్ని కుట్టడానికి సర్జన్ అసలు నాళంలో రక్తాన్ని కొద్ది నిమిషాలు ఆపక తప్పదు. సెన్సర్ ఉన్నా లేకపోయినా ఆపాల్సిందే. ఆ కొద్ది నిమిషాల్లో సెన్సర్ ఏం చెబుతుందో చూశారు.  మీ వారి గుండె మొదటిది కాదు.

అయితే ఇన్నేళ్ళయినా ఈ సెన్సర్ ప్రతి ఆసుపత్రిలోనూ మామూలు పరికరం కాలేదు. అందుకే మీ ఇంటికి పరిశోధన కాగితాలు వచ్చాయి. మీ అమ్మాయికి ఈ మాట చెప్పాలి. ఈ రకం సెన్సర్ గుండె కదలికతో పాటు భూమ్యాకర్షణనూ కొలుస్తుంది. రోగిని పక్కకు తిప్పినా, మంచం తల వైపు ఎత్తినా, వెంటిలేటర్ ఊపిరి నింపినా అంకెలు మారతాయి. దీన్ని సరిచేయడానికి తిరుగుడును కొలిచే జైరోస్కోప్‌ను జతచేసి కూడా పరిశోధనలు చేశారు. పైగా సెన్సర్ తాను కూర్చున్న చోటు గురించే బాగా చెప్పగలదు. గుండె అవతలి గోడకు వెళ్ళే నాళం మూసుకుపోతే దీనికి తెలియకపోవచ్చు. తప్పుడు హెచ్చరిక వస్తే అనవసరంగా యాంజియోగ్రామ్‌కు తీసుకువెళ్ళే ప్రమాదమూ లేకపోలేదు. మీ అమ్మాయి చదువుకు ఇవన్నీ అందే విషయాలే. "ప్రాణం కాపాడే పరికరం" అన్న మాటకు ఇంకా సమయం ఉంది.

మీ ఇంట్లో ఇంత గొడవ జరుగుతోంది కానీ, అసలు అడగాల్సిన ప్రశ్నను ఎవరూ అడిగినట్టు లేదు. ఆ సెన్సర్ చెప్పే అంకెలు మీ వారిని చూసుకునే డాక్టర్లకు అప్పటికప్పుడు కనిపిస్తాయా, లేక కంప్యూటర్‌లో దాచిపెట్టి నెలల తరువాత పరిశోధకులు చూసుకుంటారా? ఇలాంటి పరిశోధనల్లో రెండు పద్ధతులూ ఉంటాయి. పరికరం ఎంత నమ్మదగినదో తేలకముందు దాన్ని నమ్మి వైద్యం మార్చకూడదు కాబట్టి, డాక్టర్లకు అంకెలు చూపించకపోవడం కూడా బాధ్యత గల పద్ధతే. మీ వారి విషయంలో అంకెలు చూపించకపోతే, ఈ సెన్సర్ వల్ల ఆయనకు నేరుగా కలిగే లాభం ఏమీ లేదు. రేపు ఇదే ఆపరేషన్ చేయించుకునే మరొకరికి మేలు కలగాలని ఆయన చేసే దానం అది. అంకెలు చూపిస్తే కొంత లాభానికి అవకాశం ఉంది, తప్పుడు హెచ్చరిక చిక్కు కూడా ఉంది. ఆ తొమ్మిది పేజీల్లో ఈ సంగతి ఎక్కడో రాసే ఉంటారు. ముందు ఆ వాక్యాన్ని వెతకండి. దొరక్కపోతే కాగితం మీద ఉన్న ఫోను నంబరుకు చేసి అడగండి.

ఇక ప్రమాదం సంగతి. బైపాస్ చేసిన చాలామందికి గుండె పైన సన్నని పేసింగ్ తీగలు కుట్టి, వాటి కొసలను రొమ్ము ఎముక కింద చర్మం గుండా బయటికి తీసి టేపుతో అతికిస్తారు. గుండె లయ తప్పితే బయటి యంత్రంతో సరిచేయడానికి అవి పనికివస్తాయి. సెన్సర్‌ను తీసేసే పద్ధతి కూడా దాదాపు ఇలాంటిదే, కాబట్టి తీగ తీసేటప్పుడు ఏం జరుగుతుందో నేను చూసింది చెబుతాను. రోగిని వెల్లకిలా పడుకోబెడతారు. ముందు రక్తం పలచన చేసే మందు ఎంత ఉందో, గడ్డకట్టే పరీక్షలో ఏం వచ్చిందో చూస్తారు. చర్మం దగ్గరి కుట్టు కత్తిరించి, ఊపిరి వదలమని చెప్పి, తీగను నెమ్మదిగా, ఆపకుండా లాగుతారు. లోపల ఏదో జారినట్టు అనిపించిందని చాలామంది అంటారు, నొప్పి అనేవాళ్ళు తక్కువ. ఆ తరువాత కొన్ని గంటలు మంచం దిగనివ్వరు, మాటిమాటికీ బీపీ, నాడి చూస్తారు. ఎందుకంటే అరుదుగా, లాగినచోట రక్తం కారి గుండె చుట్టూ ఉన్న సంచిలో చేరి గుండెను నొక్కేస్తుంది. అది నిజమైన ప్రమాదం, వెంటనే ఛాతీ తెరవాల్సి వస్తుంది. అరుదే, కానీ ఎవరూ లేదని చెప్పకూడదు. తీగకన్నా సెన్సర్ కొంచెం లావు కాబట్టి దాన్ని ఎలా లాగుతారు, ఇప్పటివరకు ఎంతమందికి లాగారు, ఎవరికైనా రక్తస్రావం అయిందా అని అడగండి. కుట్టడానికి ఆపరేషన్‌లో ఎన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది, దానికోసం విడిగా ఇంకో రంధ్రం చేస్తారా, నష్టం జరిగితే పరిహారం ఎవరిస్తారు అనేవి కూడా చీటీ మీద రాసుకోండి. రోగికి జరిగిన నష్టానికి పరిహారం చూసే ప్రభుత్వ సంస్థ నార్వేలో ఉంది. ఈ పరిశోధన దాని కిందికి వస్తుందా, వేరే బీమా ఉందా అన్నది వాళ్ళు స్పష్టంగా చెప్పగలగాలి.

జవాబులు వచ్చాక మీ వారి ముందు దారులు ఇవి. ఒప్పుకుంటే, ఆపరేషన్‌కు మామూలుగా ఉండే ప్రమాదం మీద చిన్న అదనపు ప్రమాదం చేరుతుంది, ఒంటి మీద ఇంకో తీగ ఉంటుంది, కొన్ని రోజులు కొంచెం ఎక్కువ చూపు కూడా ఉంటుంది. ఒప్పుకున్న తరువాత మనసు మారినా పర్వాలేదు. నార్వే ఆరోగ్య పరిశోధన చట్టం ప్రకారం ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే బయటికి రావచ్చు. ఆపరేషన్ రోజు పొద్దున మారినా సరే. కుట్టిన తరువాతైతే సెన్సర్‌ను ఎలాగూ తీయాలి కాబట్టి, తీసే బాధ మాత్రం తప్పదు.

వద్దంటే పోయేది ఏమీ లేదు. అదే ఆపరేషన్, అదే సర్జన్, అదే ఐసీయూ. ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు అన్నీ ఉంటాయి. లోకంలో ఇన్ని లక్షల బైపాస్‌లు ఈ సెన్సర్ లేకుండానే జరిగాయి. సర్జన్ మనసులో పెట్టుకుంటారేమోనన్న దిగులు నాకు అర్థమవుతుంది, మన ఊళ్ళో డాక్టరుకు కాదని చెప్పి పెరగలేదు మనం. కానీ అక్కడ ఇలాంటి పరిశోధనకు ‘రెక్’ అని పిలిచే ప్రాంతీయ నైతిక సంఘం అనుమతి కావాలి. కాదన్నవారికి వైద్యంలో ఏ తేడా రాకూడదన్నది ఆ అనుమతికి పునాది. కాదనేవాళ్ళు ఉంటారని వాళ్ళు ముందే లెక్కవేసుకుంటారు. ఒక్క వాక్యం చాలు: "ఈ పరిశోధనలో పాల్గొనదలచుకోలేదు." క్షమాపణ అక్కరలేదు.

మరిదిగారి హైదరాబాద్ సలహా దగ్గర ఎక్కువసేపు ఆగను. హైదరాబాద్‌లో బైపాస్ బాగా చేసే సర్జన్లు ఉన్నారు, దానిలో సందేహం లేదు. కానీ ఆయన భయం సెన్సర్ గురించి, దానికి విరుగుడు ఖాళీ గీత మీద సంతకం పెట్టకపోవడం. అందుకోసం మూడు నాళాల్లో పూడికలున్న మనిషిని మధ్యలో విమానం మార్చి అంత దూరం తీసుకురావడం, ఖాయమైన తేదీని వదులుకోవడం, ఖర్చు లేకుండా జరిగే ఆపరేషన్‌ను కాదని డబ్బు పెట్టడం, తరువాత చూసే డాక్టర్లేమో నార్వేలో ఉండడం, ఇవన్నీ తలకెత్తుకోవాలి. అమ్మ దగ్గర, తన భాషలో కోలుకోవాలని మీ వారే కోరుకుంటే అది వేరే సంగతి, గౌరవించాల్సిన సంగతి. అప్పుడు కూడా ఈ స్థితిలో విమానం ఎక్కవచ్చో లేదో అక్కడి గుండె డాక్టరు చెప్పాలి.

అత్తగారిని చాదస్తమని తోసిపుచ్చకండి. పరిశోధన అంటే మనవాళ్ళకు ఉలికిపాటు ఊరికే రాలేదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లల మీద గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనం జరిగింది. కొందరు పిల్లలు చనిపోయాక 2010లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలింది ఏమిటంటే, తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు పెట్టారని. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ పిల్లల గురించి తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. మీ అత్తగారి భయానికి మూలం అలాంటి సంఘటనల్లో ఉంది.

అందుకే మీ ఇంట్లో జరగబోతున్న పొరపాటు నాకు స్పష్టంగా కనిపిస్తోంది. అడగాల్సిన మనిషిని వదిలేసి పక్కవాళ్ళు నిర్ణయించడం ఖమ్మంలో జరిగిన తప్పు. మీ ఇంట్లో అడగాల్సిన మనిషి తానే పక్కకు తప్పుకుంటున్నారు. మీ వారు స్పృహలో ఉన్నారు, చదువుకున్నవారు, ఉద్యోగం చేస్తున్నారు. ఆయన బదులు మీరు ఒప్పుకోవడానికి చట్టంలో చోటు లేదు, మీరు పెట్టమంటే పెట్టే సంతకం నిజమైన సమ్మతి కూడా కాదు. ఆయన మీమీద భారం వేయాలని అనుకోలేదు. మూడు వారాల్లో తన ఛాతీ తెరుస్తారన్న మనిషి ఆ కాగితాలు చదవడానికి జంకుతున్నారు, అంతే.

కాబట్టి కాగితాలు ఆయన చేతికి తిరిగి ఇవ్వండి, కానీ ఒంటరిగా వదిలేయకండి. ఇంగ్లీషు ప్రతి ఉందేమో అడగండి. డాక్టరు వివరించేటప్పుడు దుబాసీ కావాలంటే ఆసుపత్రి ఏర్పాటు చేయాలి. 2022 నుంచి అమలులో ఉన్న అక్కడి చట్టం ఆ బాధ్యతను ప్రభుత్వ సంస్థల మీద పెట్టింది. ఆ పని మీరు గానీ, అమ్మాయి గానీ చేయకండి. భయపడే మనిషి నోట ఒక మాట వెనక్కి తగ్గుతుంది, ఉత్సాహపడే మనిషి నోట ఒక మాట ముందుకు తోసుకొస్తుంది. మీరు పక్కన కూర్చోండి, చీటీలోని ప్రశ్నలు ఆయన మరిచిపోతే గుర్తుచేయండి.

అత్తగారికి కూడా ఆయనే ఫోను చేయాలి. "అమ్మా, నేను చదివాను, డాక్టరును అడిగాను, నేనే ఇలా అనుకున్నాను" అని కొడుకు నోటి నుంచి వింటే, ఆ నిర్ణయం ఏదైనా ఆవిడ మీ మీద వేయలేరు. ఒప్పుకున్నారని విని ఏడిస్తే ఏడవనివ్వండి, కొడుకు ఛాతీ తెరుస్తారంటే ఏ తల్లైనా ఏడుస్తుంది. సెన్సర్ లేకపోయినా ఏడ్చేవారు. కూతురికీ అంతే. తండ్రి కాదంటే ఆ అమ్మాయి వాదించాల్సింది తండ్రితో, మీతో కాదు.

ఇంతా చేసి ఆయన మళ్ళీ "నువ్వే చెప్పు" అంటే, అప్పుడు మాత్రం సంతకం పెట్టనివ్వకండి. చదవని మనిషి ఒప్పుకోకపోవడమే మేలు. పరిశోధకులకు ఇంకొకరు దొరుకుతారు. ఆ కవరు పక్కన పెట్టి, ఆపరేషన్‌కు ముందు ఊపిరి వ్యాయామం చేయించడం, పొగతాగే అలవాటుంటే మాన్పించడం, మందుల జాబితా సరిచూడడం లాంటి పనులు చూసుకోండి. ఆస్పిరిన్ లాంటి మందులు ఏవి ఆపాలో, ఏవి కొనసాగించాలో ఆసుపత్రిని అడిగి తేదీలతో రాసిపెట్టుకోండి.